పిక్కలో పుట్టి ఊపిరి ఆపే గడ్డ
ఆసుపత్రి అడగవలసిన ప్రశ్న, ఇల్లు చెప్పవలసిన జవాబు

కొన్నేళ్ళ కిందటి సంగతి. మా భాబీకి సిజేరియన్ ఆపరేషన్ జరిగి పదకొండు రోజులయింది. పుట్టింటివారు ఆమెను మంచం దిగనివ్వడం లేదు. నలభై రోజుల చిల్లా పూర్తయ్యేవరకు బాలింత కాలు కదపరాదన్నది మా పెద్దల పట్టింపు. తొమ్మిదవ రోజున ఆమె ఎడమ పిక్కలో నొప్పి మొదలైంది. పడుకొని పడుకొని కాలు పట్టేసిందని మా నానీమా వేడి ఆముదంతో మర్దన చేయించారు. పదకొండవ రోజు రాత్రి స్నానాలగదికి వెళ్ళబోయిన ఆమె గుమ్మం దగ్గరే కూలబడిపోయింది. "ఊపిరి ఆడటం లేదు" అన్న ఒక్క మాట తప్ప ఆమె నోట మరో మాట రాలేదు.

మాది చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోని ఒక ఊరు. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి అర్ధరాత్రి తీసుకెళ్ళాము. డ్యూటీలో ఉన్న డాక్టరుగారు గుండె, ఊపిరితిత్తులు పరీక్షించారు. ఎక్స్‌రే తీయించారు. అంతా శుభ్రంగా ఉందన్నారు. బాలింత నీరసం, దానికి తోడు భయం అని చెప్పి గ్లూకోజ్ పెట్టించారు, గ్యాస్‌కు ఒక ఇంజెక్షన్ ఇప్పించారు. మేము అల్‌హందులిల్లాహ్ అనుకొని వరండాలో కూర్చున్నాము. ఫజర్ అజాన్ వేళకు ఆమె పెదవులు నీలి రంగుకు తిరిగాయి.

అప్పుడే డ్యూటీకి వచ్చిన ఒక యువ వైద్యురాలు రెండు ప్రశ్నలు అడిగారు. "ఆపరేషన్ ఎప్పుడయింది? కాళ్ళలో ఎక్కడైనా నొప్పి గానీ, వాపు గానీ ఉందా?" రాత్రంతా ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. పిక్క నొప్పికీ, ఆయాసానికీ సంబంధం ఉంటుందని మాకు తోచలేదు. ఆమె దుప్పటి తొలగించి రెండు పిక్కలనూ పోల్చి చూశారు. ఎడమది స్పష్టంగా వాచి ఉంది. ఆమె వెంటనే ఆక్సిజన్ పెట్టించి, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్ అక్కడే ఇప్పించి, తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రికి తానే ఫోన్ చేసి, 108 వాహనంలో మమ్మల్ని పంపించారు. భాకరాపేట ఘాట్ దిగుతున్నంతసేపూ మా అన్నయ్య ఆమె చేయి పట్టుకొనే ఉన్నారు. తిరుపతిలో సి.టి. స్కాన్ తీయగా ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే రెండు ప్రధాన నాళాలలోనూ గడ్డలు కనిపించాయి.

అల్లాహ్ దయవల్ల ఆమె బ్రతికింది. ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది. కానీ ఆ రాత్రి వృథా అయిన ఆరు గంటలు మమ్మల్ని ఇప్పటికీ వెంటాడుతూనే ఉన్నాయి. ఆ ఆరు గంటలలో లేనిది యంత్రం కాదు, మందు కాదు, డబ్బు కాదు. అడగవలసిన ఒక ప్రశ్న, చెప్పవలసిన ఒక జవాబు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించే.

అసలు ఏమి జరుగుతుంది?

నడుస్తున్నప్పుడు మన పిక్క కండరాలు బిగుసుకుంటూ, సడలుతూ కాళ్ళలోని రక్తాన్ని పైకి, గుండెవైపుకు నెడతాయి. మనిషి రోజుల తరబడి మంచానికే పరిమితమైతే ఆ నెట్టుడు ఆగిపోతుంది. లోపలి సిరలలో రక్తం మందగించి గడ్డకడుతుంది. ఆ గడ్డ అక్కడే ఉన్నంతవరకు నొప్పి, వాపు. అందులో ఒక ముక్క తెగి రక్తంతోపాటు పైకి ప్రయాణిస్తే అది గుండె కుడి భాగం గుండా వెళ్ళి ఊపిరితిత్తుల నాళంలో ఇరుక్కుంటుంది. దీనినే వైద్యులు పల్మనరీ ఎంబాలిజం అంటారు. గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, కానీ ఆ గాలిని అందుకోవడానికి రక్తం రాదు. అవతల దారి మూసుకుపోవడంతో గుండె కుడి భాగం నెట్టలేక అలసిపోతుంది. పెద్ద గడ్డ అయితే నిమిషాలలో ప్రాణం పోవచ్చు.

ఛాతీపై స్టెతస్కోపు పెట్టినా, ఎక్స్‌రే తీసినా చాలాసార్లు ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. దోషం గాలి గొట్టాలలో లేదు, రక్తనాళంలో ఉంది. కనుక అకస్మాత్తుగా ఆయాసం వచ్చిన మనిషికి ఎక్స్‌రే శుభ్రంగా ఉందంటే నిశ్చింతగా ఉండరాదు. అనుమానం అక్కడి నుండే మొదలు కావాలి.

గుండె కుడి భాగం నుండి రక్తం ఊపిరితిత్తులకు వెళ్ళి, అక్కడ గాలితో కలిసి, ఎడమ భాగానికి తిరిగి వస్తుందని తొలిసారిగా స్పష్టంగా రాసినవారు ఇబ్నె నఫీస్ అనే ముస్లిం వైద్యులు. ఆయన 1213లో దమస్కస్ ప్రాంతంలో జన్మించారు. ఇబ్నె సీనా గ్రంథంలోని శరీరశాస్త్ర భాగానికి 1242లో రాసిన వ్యాఖ్యానంలో ఈ విషయం వివరించారు. గుండె నడిమి గోడలో కంటికి కనిపించని రంధ్రాలు ఉన్నాయన్న గ్రీకు వైద్యుడు గాలెన్ అభిప్రాయాన్ని ఆయన తోసిపుచ్చారు. ఆ రాతప్రతి శతాబ్దాలపాటు మరుగున పడి, 1924లో బెర్లిన్ గ్రంథాలయంలో ఈజిప్టు వైద్యుడు ముహ్యుద్దీన్ తతావీ కంటబడింది. ఇబ్నె నఫీస్ 1288లో కైరోలో మరణించేముందు తన ఇంటినీ, గ్రంథాలయాన్నీ అక్కడి మన్సూరీ ఆసుపత్రికి రాసి ఇచ్చారు. ఆయన చూపిన ఆ దారిలోనే గడ్డ ప్రయాణిస్తుందని, కాళ్ళలో పుట్టి ఊపిరితిత్తులలో చేరుతుందని 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్ఖోవ్ నిరూపించారు. విర్ఖోవ్ పుట్టినరోజయిన అక్టోబర్ 13ను 2014 నుండి ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా పాటిస్తున్నారు.

ఆసుపత్రి మంచమే కారణమైనప్పుడు

ఈ జబ్బులో అందరూ గ్రహించవలసిన చేదు నిజం ఒకటుంది. గడ్డలలో పెద్ద భాగం ఆసుపత్రిలో చేరినందువల్లనో, ఆపరేషన్ జరిగినందువల్లనో ఏర్పడేవే. తుంటి ఎముక విరిగినవారు, మోకాలి మార్పిడి చేయించుకున్నవారు, పక్షవాతంతో మంచం పట్టినవారు, క్యాన్సర్ రోగులు, గర్భిణులు, బాలింతలు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌తో చేరినవారు, గతంలో ఒకసారి గడ్డ ఏర్పడినవారు, స్థూలకాయులు, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు వాడేవారు — వీరందరికీ ముప్పు ఎక్కువ. ప్రసవం తర్వాతి ఆరు వారాలు స్త్రీకి గర్భకాలంకన్నా కూడా ఎక్కువ ప్రమాదకరం. మన చిల్లా నలభై రోజులూ దాదాపు ఆ ఆరు వారాలే.

మరొక నిజం ఊరటనిస్తుంది. ఇందులో చాలా భాగం నివారించదగినది. రోగిని వీలైనంత త్వరగా నడిపించడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, అవసరమైనవారికి బిగుతు మేజోళ్ళు లేదా కాళ్ళను గాలితో నొక్కే పరికరం, ముప్పు ఎక్కువ ఉన్నవారికి పొట్టపై చర్మం కింద ఇచ్చే చిన్న మోతాదు హెపారిన్ ఇంజెక్షన్. ఇవేవీ అరుదైన వైద్యం కావు. హెపారిన్ మన దేశపు అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉన్నదే.

మరి మన ఆసుపత్రులలో ఇది జరుగుతోందా? 32 దేశాలలోని 358 ఆసుపత్రులలో జరిగిన ఎండార్స్ అనే అధ్యయనం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ముప్పు ఉన్న రోగులలో సగం మందికి మాత్రమే తగిన నివారణ అందుతోందని అది తేల్చింది. అందులోని భారతదేశపు వివరాలను హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రవైద్యులైన డాక్టర్ పింజల రామకృష్ణ తన సహచరులతో కలిసి 2012లో ప్రచురించారు. మన దేశంలో 10 ఆసుపత్రులలో 2058 మంది రోగులను పరిశీలిస్తే 53.6 శాతం మందికి గడ్డల ముప్పు ఉంది. వారిలో తగిన నివారణ అందినవారు 17.4 శాతం మాత్రమే. అంటే ముప్పు ఉన్న ప్రతి ఆరుగురిలో అయిదుగురు దైవాధీనంగా మిగిలారన్నమాట. అవి మారుమూల ఆసుపత్రులు కూడా కావు.

ఇంగ్లాండులో ఒకప్పటి పరిస్థితి కూడా ఇలాంటిదే. ఆసుపత్రి రోగులలో ఈ గడ్డల వల్ల ఏటా సుమారు 25,000 మంది మరణిస్తున్నారని 2005లో అక్కడి పార్లమెంటు ఆరోగ్య సంఘం నివేదించింది. నివారించగలిగినవి ఇన్ని మరణాలా అని దేశం నివ్వెరపోయింది. 2010లో అక్కడి ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. ఆసుపత్రిలో చేరే ప్రతి పెద్ద వయసు రోగికీ గడ్డ ముప్పు ఎంత, రక్తస్రావం ముప్పు ఎంత అని ఒక కాగితంపై లెక్కవేసి కేస్ షీట్‌లో ఉంచాలి. కనీసం 90 శాతం మందికి ఇది చేయని ఆసుపత్రికి రావలసిన నిధులలో కోత పడుతుంది. తర్వాత ఆ లక్ష్యాన్ని 95 శాతానికి పెంచారు. డిశ్చార్జి అయిన 90 రోజులలోపు రోగికి గడ్డ ఏర్పడినా దానిని ఆసుపత్రి ఖాతాలోనే వేసి, ఎక్కడ పొరపాటు జరిగిందో విచారించడం మొదలుపెట్టారు. కొత్త మందు కనిపెట్టలేదు. ఒక ప్రశ్నను తప్పనిసరి చేశారు. కొద్ది సంవత్సరాలలోనే మరణాలు తగ్గుముఖం పట్టాయి.

ఒక్క పుట కాగితం మన జిల్లా ఆసుపత్రులలో సాధ్యం కాదా? సిబ్బంది తక్కువ, రోగులు ఎక్కువ అన్నది నిజమే. చిత్తూరు జిల్లా కేంద్ర ఆసుపత్రిలోగానీ, తిరుపతి రుయాలోగానీ ఒక నర్సమ్మ ఎంతమందిని చూసుకోవలసి వస్తుందో అక్కడ ఒక రాత్రి గడిపిన ఎవరికైనా తెలుసు. కానీ ఆ కాగితం నింపడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. నివారించగలిగిన గడ్డ ఏర్పడితే ఐసీయూలో పట్టేది రోజులు, వారాలు.

రోగి వచ్చిన తర్వాతి గంట

నివారణ విఫలమై గడ్డ ఊపిరితిత్తులకు చేరినప్పుడు మంచి వైద్యం ఎలా ఉండాలో కుటుంబీకులకూ కొంత తెలిసి ఉండాలి.

మొదటిది అనుమానించడం. అకస్మాత్తుగా ఆయాసం, ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, గుండె దడ, దగ్గులో రక్తపు చారలు, ఉన్నట్టుండి స్పృహ తప్పడం — వీటిలో ఏది కనిపించినా, ముఖ్యంగా ఇటీవల ఆపరేషన్, ప్రసవం లేక మంచం పట్టడం జరిగి ఉంటే, ఈ జబ్బు ఆలోచనలోకి రావాలి. నాడి వేగం, కాలి వాపు, ఇటీవలి ఆపరేషన్, గతంలో గడ్డ, క్యాన్సర్ వంటి అంశాలకు మార్కులు వేసి అనుమానం ఎంత బలమైనదో లెక్కించే పద్ధతి ఉంది. దానికి యంత్రం అక్కరలేదు. అనుమానం తక్కువైతే డి-డైమర్ అనే రక్తపరీక్షతో జబ్బు లేదని తేల్చవచ్చు. ఎక్కువైతే రక్తనాళాలలోకి రంగుమందు ఎక్కించి తీసే సి.టి. స్కాన్ అవసరం. గర్భిణుల విషయంలో కాలిలో వాపు ఉంటే ముందుగా కాలికి అల్ట్రాసౌండ్ తీసి చూస్తారు.

రెండవది ఆలస్యం చేయకపోవడం. అనుమానం బలంగా ఉండి, రక్తస్రావపు భయం లేనప్పుడు, స్కాన్ కోసం వేచి ఉండకుండానే హెపారిన్ మొదలుపెట్టడం సరైన పద్ధతి. మా భాబీ విషయంలో ఆ యువ వైద్యురాలు చేసింది అదే. ఈ మందు విలువ ఎంతటిదో 1960లో బ్రిస్టల్ నగరంలో బారిట్, జోర్డన్ అనే ఇద్దరు వైద్యులు చూపించారు. మందు ఇవ్వని 19 మందిలో అయిదుగురు ఈ జబ్బుతోనే మరణించారు. మందు ఇచ్చిన 16 మందిలో ఈ జబ్బుతో ఒక్కరూ మరణించలేదు. ఇక మందు ఇవ్వకుండా పోల్చి చూడడం న్యాయం కాదని వారు ఆ పోలికను ఆపివేశారు.

మూడవది తీవ్రతను బట్టి దారి ఎంచుకోవడం. రక్తపోటు నిలకడగా ఉన్నవారికి గడ్డ పెరగకుండా ఆపే మందులే చాలు. శరీరమే గడ్డను క్రమంగా కరిగించుకుంటుంది. రక్తపోటు పడిపోయినవారికి మాత్రం గడ్డను కరిగించే బలమైన ఇంజెక్షన్ ఇవ్వవలసి వస్తుంది. దానితో మెదడులోనో మరోచోటనో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. కొత్తగా ఆపరేషన్ జరిగినవారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కనుక ఆ నిర్ణయం ఒక్కరి భుజాలపై మోపదగినది కాదు. 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఇందుకొక మార్గం చూపింది. గుండె, ఊపిరితిత్తులు, ఎమర్జెన్సీ, రేడియాలజీ, శస్త్రచికిత్స విభాగాల నిపుణులు ఒక్క ఫోన్ పిలుపుతో వెంటనే సంప్రదించుకొని ఒకే మాట చెప్పే బృందాన్ని ఏర్పాటు చేసింది. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఆసుపత్రులకు విస్తరించింది.

ఇటువంటి బృందానికి కావలసిన విభాగాలు తిరుపతికి కొత్త కావు. స్విమ్స్ ఉంది, ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా రుయా ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, ఎముకల వైద్యానికి బర్డ్ ఉంది. చిత్తూరువాసులకు వేలూరు కూడా ఎంతో దూరం కాదు. చిక్కంతా పడమటి మండలాల నుండి వచ్చే దారిలో ఉంది. మదనపల్లె నుండి తిరుపతికి నూరు కిలోమీటర్లకు పైమాటే, అందులో ఘాట్ రోడ్డు కూడా ఉంది. ఆ దూరాన్ని తగ్గించలేము. కానీ మొదటి ఇంజెక్షన్‌ను రోగి దగ్గరకు తేవచ్చు. గుండెపోటు విషయంలో మన రాష్ట్రమే ఈ దారి చూపింది. 2023లో ప్రారంభమైన స్టెమీ కార్యక్రమంలో చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి నిపుణులు దూరం నుండే చూసి, వేల రూపాయల విలువ చేసే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను అక్కడికక్కడే ఉచితంగా ఇప్పించి, ఆ తర్వాత రోగిని తరలించే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటులోనే పల్మనరీ ఎంబాలిజానికి కూడా చోటు కల్పించాలన్నది మా విన్నపం. అనుమానం వచ్చిన డాక్టరుకు ఫోన్ చేయడానికి ఒక నంబరు, స్కాన్‌కు ముందే హెపారిన్ ఇవ్వడానికి ఒక రాతపూర్వక నియమం ఉంటే చాలు. మా వంటి కుటుంబాలకు ఆరు గంటలు మిగులుతాయి.

ఇక మన ఇళ్ళ వంతు

ఆసుపత్రిని వేలెత్తి చూపడం తేలిక. ఆ రాత్రి మేము చేసిన తప్పులు కూడా తక్కువేమీ కాదు. వాటిని ఒప్పుకోకుండా ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు.

చిల్లాలో బాలింతకు విశ్రాంతి ఇవ్వడం మంచి సంప్రదాయమే. ఆమెకు ఇంటి చాకిరీ తప్పుతుంది, బిడ్డతో గడిపే సమయం దొరుకుతుంది. కానీ విశ్రాంతి అంటే కదలకుండా పడుకోవడం కాదు. నలభై రోజులు మంచం దిగరాదని షరీఅత్ ఎక్కడా విధించలేదు. అది మన వాడుక మాత్రమే. డాక్టర్లు అనుమతించిన నాటి నుండే బాలింతను రోజుకు పలుమార్లు ఇంట్లో నడిపించాలి. నీళ్ళు ఎక్కువ తాగితే బాలింతకు చలువ చేస్తుందని గుక్కెడుతో సరిపెట్టడం మానాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది.

ఒక కాలి పిక్క మాత్రమే నొప్పి పుట్టి, వాచి, వేడిగా ఉంటే దానిని మర్దన చేయరాదు. నొక్కడం వల్ల గడ్డ ముక్క తెగి పైకి పోయే ప్రమాదం ఉంది. మోకాలి కింద ఒకే ఎత్తులో రెండు పిక్కల చుట్టుకొలతను టేపుతో కొలవండి. మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి. తేడా లేకపోయినా నొప్పి, వాపు ఉంటే చూపించవలసిందే.

మన స్త్రీలలో చాలామంది కాలి వాపును పరాయివారికి చూపడానికి సిగ్గుపడి దాచుకుంటారు. వైద్యురాలుగానీ, నర్సుగానీ పరీక్షించాలని అడగడం మన హక్కు, అడగాలి కూడా. వారు అందుబాటులో లేనప్పుడు ప్రాణాపాయ వేళ పురుష వైద్యుడు అవసరమైనంత మేరకు పరీక్షించడానికి ధర్మం అడ్డు చెప్పదు. దుప్పటి కింద దాగిన వాపును ఏ వైద్యుడూ ఊహించలేడు.

హెపారిన్ పేరు వినగానే కొందరికి కలిగే సందేహం మరొకటుంది. ఈ మందును, ముఖ్యంగా ఎనాక్సాపారిన్ వంటి రకాలను, పంది పేగుల నుండి తయారుచేస్తారు. ఇది తెలిసి ఇంజెక్షన్ వద్దన్న కుటుంబాలను మేము చూశాము. వారి భయభక్తులను గౌరవిస్తూనే ఒక విషయం విన్నవిస్తున్నాము. ఈ ప్రశ్నను ధర్మవేత్తలు ఎప్పుడో చేపట్టారు. మక్కాలోని రాబితా ఫిఖ్హ్ మండలి 2003 డిసెంబర్‌లో జరిగిన తన 17వ సమావేశంలో ఈ హెపారిన్ గురించే ప్రత్యేకంగా చర్చించింది. దానికి బదులుగా సరిపోయే ధర్మసమ్మతమైన మందు లేనప్పుడు, లేక ఉన్న మందు చికిత్సాకాలాన్ని పొడిగించేదైనప్పుడు దీనిని వాడవచ్చని తీర్మానించింది. అవసరాన్ని మించి వాడరాదనీ, ప్రత్యామ్నాయం దొరికినప్పుడు దానికి మారాలనీ సూచించింది. ఫోండాపారినక్స్ అనే ఇంజెక్షన్ పూర్తిగా కృత్రిమంగా తయారయ్యేది. అందరికీ అది తగకపోవచ్చు, అన్నిచోట్లా దొరకకపోవచ్చు. కానీ డాక్టరును అడగవచ్చు. అత్యవసర వేళ మొదటి ఇంజెక్షన్‌ను ఈ సందేహంతో ఆపడం మాత్రం తగదు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవడం మన ధర్మంలోని మూల ఉద్దేశాలలో ఒకటి.

ఇంటికి వచ్చిన తర్వాత

గడ్డ కరిగి ఇంటికి చేరితే పని పూర్తయిందనుకోరాదు. రక్తాన్ని పలుచగా ఉంచే మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి. కొందరికి ఇంకా ఎక్కువ కాలం అవసరం. ఆయాసం తగ్గిందని నెలకే మానేసినవారికి గడ్డ తిరగబెట్టే ప్రమాదం ఉంది.

వార్ఫరిన్ అనే మాత్ర చవక, కానీ తరచూ ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించి, సాధారణంగా 2, 3 అంకెల మధ్య ఉండేట్లు మోతాదు సరిచూసుకోవాలి. ఈ మాత్ర వాడేవారు ఆకుకూరలు మానవలసిన పని లేదు. ఒక వారం రోజూ పాలకూర పప్పు, మరో వారం అసలే లేకపోవడం మంచిది కాదు. ఎప్పుడూ ఒకే పరిమాణంలో తినాలి. నొప్పి మాత్రలు, యునానీ మందులు, మూలికలు, కషాయాలు డాక్టరుకు చెప్పకుండా వాడరాదు. కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి, కొన్ని మందు పనిని తగ్గిస్తాయి. రివరాక్సబాన్, అపిక్సబాన్ వంటి కొత్త మాత్రలకు తరచూ పరీక్షలు అక్కరలేదు. అయితే గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అవి తగవు. పాలిచ్చే తల్లికి హెపారిన్, వార్ఫరిన్ వాడవచ్చు. వార్ఫరిన్ వాడే స్త్రీ మళ్ళీ గర్భం దాల్చదలిస్తే ముందుగానే డాక్టరుకు చెప్పాలి, ఆ మందు గర్భస్థ శిశువుకు హాని చేయగలదు.

రమజాన్‌కు ముందే డాక్టరును కలవండి. రోజుకు ఒకసారి వేసుకునే మాత్రను ఇఫ్తార్ వేళకు మార్చవచ్చు. రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్రల విషయం డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. గడ్డ ఏర్పడిన తొలి వారాలలో ఉపవాసం గురించి పట్టుబట్టవద్దు. రోగికి తర్వాత పూర్తి చేసుకునే సౌలభ్యం దైవమే ప్రసాదించాడు. హజ్, ఉమ్రాలకు బయలుదేరే పెద్దలు విమానంలో గంటకొకసారైనా లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతూ ఉండాలి, నీళ్ళు తాగాలి. గతంలో గడ్డ ఏర్పడినవారు ప్రయాణానికి ముందు డాక్టరు సలహా తీసుకోవాలి.

పరామర్శకు వెళ్ళినప్పుడు

రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు గల హక్కులలో ఒకటని మనందరికీ తెలుసు. మనం పండ్లు పట్టుకెళ్తాము, దుఆ చేస్తాము, నాలుగు మంచి మాటలు చెప్పి వస్తాము. ఇకపై దానికి మరొకటి జోడించుకుందాము. ఆపరేషన్ అయినవారి మంచం పక్కన కూర్చొని డ్యూటీ నర్సునో, డాక్టరునో వినయంగా మూడు ప్రశ్నలు అడుగుదాము. ఈ రోగికి రక్తం గడ్డకట్టే ముప్పు లెక్కవేశారా? దానికి ఏమి ఇస్తున్నారు? ఎప్పటి నుండి నడిపించవచ్చు? అలాగే అడగకపోయినా మూడు సంగతులు మనమే చెబుదాము. ఇంతకుముందు ఇంట్లో ఎవరికైనా గడ్డ ఏర్పడిందా, రోగి ఇంకా ఏయే మందులు వాడుతున్నారు, కాళ్ళలో నొప్పిగానీ వాపుగానీ ఉందా.

మస్జిద్ కమిటీలూ, మహిళా ఇజ్తిమాలూ ఈ ఆరు మాటలనూ ఒక చిన్న కాగితంపై తెలుగులో, ఉర్దూలో ముద్రించి, సిజేరియన్‌కో ఎముక ఆపరేషన్‌కో వెళ్ళే కుటుంబాలకు ఇస్తే ఎంతో మేలు. కొన్ని జుమాల విరాళం చాలు.

ఆ రాత్రి మమ్మల్ని తిరుపతికి పంపిన యువ వైద్యురాలిని తర్వాత ఒకసారి కలిశాము. మా అమ్మీ ఆమె చేతులు పట్టుకొని, "మా కోడలి ప్రాణం మీ చేతిలో పెట్టాడు అల్లాహ్" అన్నారు. ఆమె కాస్త సిగ్గుపడి, "నేనేమీ చేయలేదమ్మా, కాలు చూపించమని అడిగానంతే" అన్నారు.

ఆ ప్రశ్న ప్రతి మంచం దగ్గర, ప్రతి రాత్రీ, ఏ డాక్టరు డ్యూటీలో ఉన్నా తప్పక వినిపించే రోజు మన ఆసుపత్రులకు రావాలి. దానికి జవాబు చెప్పగల ఇల్లు మనదై ఉండాలి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.